రాణీ రంగు రాణీ రంగుగానే రావాలంటే: పోచంపల్లి పట్టుచీరలు, ఒక మామూలు ఫోను

యాదాద్రి భువనగిరి జిల్లా భూదాన్ పోచంపల్లిలో ఒక నేత కుటుంబం పట్టు ఇక్కత్ చీరలు నేస్తుంది. నేసినవాటిలో ఎక్కువ భాగం షావుకారుకు వెళ్తాయి. మిగిలినవాటిని ఆ ఇంటి కోడలు వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి నేరుగా అమ్ముతుంది. కొనేవాళ్లు హైదరాబాద్‌లో, విజయవాడలో, బెంగళూరులో ఉన్నారు, అమెరికాలో ఉన్నవాళ్లూ ఉన్నారు. అమ్మకానికి లోటు లేదు. వచ్చిన చిక్కల్లా తిరిగొచ్చే చీరలతోనే. నేతకు గానీ పట్టుకు గానీ ఒక్కరూ వంక పెట్టలేదు. అందరి ఫిర్యాదూ ఒకటే: ఫోటోలో చూసిన రంగు వేరు, చేతికొచ్చిన రంగు వేరు.

చేనేత వస్త్రాల ఫోటోలు తీయడం, నేత ఇళ్లవాళ్లకు తమ ఫోనుతో తామే తీసుకోవడం నేర్పడం నా పని. ఆ కోడలు నాకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. “అక్కా, ఏ ఫోను కొంటే రంగు సరిగ్గా వస్తుంది?”

ఆమె దగ్గర ఉన్నది మధ్యతరగతి ఇళ్లలో విరివిగా కనిపించే రకం ఫోను. 50 మెగాపిక్సెళ్ల ప్రధాన కెమెరా, పక్కన 8 మెగాపిక్సెళ్ల వెడల్పు కెమెరా, బాగా దగ్గరి వస్తువుల కోసం 2 మెగాపిక్సెళ్ల మాక్రో. కొన్నప్పటికి మంచి ఫోనే, ఇప్పటికీ ఈ పనికి చాలు. కొత్తది కొనవద్దనీ, ముందు నేనొచ్చి చూస్తాననీ చెప్పాను. చీర ఫోటోలో రంగు చెడటానికి ఫోను కారణమైన సందర్భాలు నా అనుభవంలో తక్కువ. వెలుగు చెడగొట్టినవి ఎక్కువ. ఫోను తనంతట తాను తీసుకునే నిర్ణయాలను మనం ఆపకపోవడం వల్ల చెడినవి ఇంకా ఎక్కువ.

ఇక్కత్ విషయంలో రంగు అనేది నేత పూర్తయ్యాక అద్దేది కాదు. ఆసు పోసి (పోగును మేకుల చుట్టూ వరుసగా తిప్పి), చిటికి కట్టి (రంగు అంటకూడని చోట బిగించి కట్టి), పోగు దశలోనే రంగులో ముంచుతారు. ఏ పోగు ఎక్కడ ఏ రంగు కావాలో మగ్గం ఎక్కక ముందే తేలిపోతుంది. చీరకు వేల సార్లు చేయి చాచి ఆసు పోసే శ్రమను తప్పించే యంత్రాన్ని తయారు చేసినందుకే చింతకింది మల్లేశం గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. అంత కష్టపడి తెచ్చిన రంగు చివరి అడుగులో, ఫోటోలో, పాడైపోవడం నాకు బాధ కలిగిస్తుంది. కొనేవాళ్లు ఆ కష్టాన్ని చూడగలిగేది ఆ ఒక్క ఫోటోలోనే.

ఇంట్లో జరుగుతున్నది

ముందు గదిలో మంచం మీద చీర పరిచి, పైనుంచి ఫోటో తీసేవాళ్లు. గది గోడలకు లేత నీలం సున్నం. పైన ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు. ఎదురుగా తెరిచిన తలుపులోంచి పగటి వెలుగు. చీకటిగా ఉందనిపిస్తే ఫ్లాష్ కూడా. అంటే ఒకే చీర మీద నాలుగు రకాల వెలుగు: పగటిది, ట్యూబ్‌లైటుది, నీలం గోడ మీద పడి తిరిగొచ్చింది, ఫ్లాష్‌ది.

వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. పాత పసుపు బల్బు 2700 దగ్గర ఉంటుంది. మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర. నీడపట్టున ఆకాశం నుంచి వచ్చే వెలుగు 7000 దాటి నీలంగా ఉంటుంది. మన కన్ను వీటన్నిటికీ సర్దుకుంటుంది కనుక తెల్ల పంచె ఎక్కడైనా తెల్లగానే కనిపిస్తుంది. ఫోను కూడా అలాగే సర్దాలని చూస్తుంది, కానీ మొత్తం ఫోటోకు ఒకే దిద్దుబాటు చేస్తుంది. తలుపు వైపున్న అంచుకు ఒక వెలుగు, ట్యూబ్‌లైటు కిందున్న కొంగుకు మరో వెలుగు పడితే ఏ ఒక్క దిద్దుబాటూ రెంటికీ సరిపోదు. ఆ ఫోటోల్లో జరిగింది అదే. ఒకే పసుపు, తలుపు వైపు నిమ్మపండులా, గది లోపలి వైపు ఆవపిండిలా కనిపించింది.

ఆపైన ట్యూబ్‌లైటుకు మరో లోపం ఉంది. మామూలు ఎల్‌ఈడీ వెలుగు కంటికి తెల్లగా కనిపించినా, అందులో ముదురు ఎరుపు పాలు తక్కువ. లేని ఎరుపును ఏ దిద్దుబాటూ పుట్టించలేదు. అందుకే ఆ గదిలో తీసిన మిరపపండు ఎరుపులన్నీ ఇటుక రంగుకు దిగిపోయాయి. బట్టల దుకాణంలో చీర నచ్చాక దాన్ని గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుగులో మరోసారి చూసుకోవడం మన ఇళ్లలో ఆడవాళ్లకు పాత అలవాటు. ఆ అలవాటు వెనకున్న శాస్త్రం ఇదే.

ఆమె తీసిన పాత ఫోటోలను వరుసగా చూస్తే మరొకటి బయటపడింది. ఒకే చీర కొంగు ఫోటోలో ఒక ఎరుపు, ఒంటి (చీర నడిమి భాగం) ఫోటోలో ఇంకో ఎరుపు. ఫోను ప్రతి ఫోటోకూ కొత్తగా లెక్క వేసుకుంటుంది. ఫ్రేము నిండా రాణీ రంగు ఉంటే, ఆ గులాబీతనంలో కొంత వెలుగుదేనేమో అనుకుని దాన్ని తగ్గిస్తుంది. అదే ఫ్రేములో కాస్త తెల్లగోడ కనిపిస్తే లెక్క మారిపోతుంది. చీర ఎంత ఒకే రంగుదైతే ఫోను అంత తడబడుతుంది.

అసలు ముడి మాత్రం మరోచోట ఉంది. రాత్రి పనులన్నీ అయ్యాక ఆమె ఫోటోలు ముందేసుకుని కూర్చునేది. అన్నీ పసుపుగా కనిపిస్తున్నాయని ఒక్కోదానికీ నీలం పెంచేది. ఆ ఫోనులో కంటికి రక్షణ అని ఒక సదుపాయం ఉంది. అది సాయంత్రం కాగానే తెరను దానంతట అదే పసుపు చేస్తుంది. తప్పు ఫోటోలో లేదు, తెరలో ఉంది. సరిగ్గా ఉన్న ఫోటోలను కూడా రాత్రిపూట నీలం చేసి పంపుతూ వచ్చింది పాపం. ఆ సదుపాయాన్ని ఆపేశాం. తెర రంగుల అమరికలో మెరుపు ఎక్కువగా ఉన్నదాన్ని తీసేసి సహజం అన్నది పెట్టాం. ఈ రెండు మార్పులతోనే సగం ఫిర్యాదులకు కారణం దొరికిందని నాకు అక్కడే అర్థమైంది. చీరలమ్మేవాళ్లు ఫోటో తీసే పద్ధతి కంటే ముందు ఈ రెండూ చూసుకోవాలి.

వెలుగు ఎక్కడుంది

ఇల్లంతా తిరిగి చూశాం. మగ్గాల గదిలో గుంటమగ్గం పక్కన ఫోటో తీస్తే చూడముచ్చటగా ఉంటుందని పిల్లల ఆశ. అక్కడ వెలుగు చాలదు. వెలుగు తగ్గితే ఫోను సున్నితత్వాన్ని, అంటే ఐఎస్‌ఓను పెంచుతుంది. పెంచితే చుక్కలు వస్తాయి. ఆ చుక్కలను చెరిపే పనిలో పట్టు మీది సన్నని పోగు గీతను కూడా చెరిపేస్తుంది. పట్టు కాస్తా పాలిస్టర్‌లా నున్నగా కనిపిస్తుంది. కాబట్టి మగ్గం ఫోటో వేరు, అమ్మే చీర ఫోటో వేరు అని తేల్చుకున్నాం.

వెనక వసారా ఉత్తరం వైపు తెరుచుకుని ఉంది. గోడకు తెల్లసున్నం. సూటి ఎండ పడదు, ఆకాశం వెలుగు సమానంగా పరుచుకుంటుంది. ఫోటోకు ఇంతకంటే మంచి గది నేను డబ్బు పెట్టి కట్టించలేను. ఆ వసారాలోని ట్యూబ్‌లైటు ఫోటో తీసేటప్పుడు ఆర్పేయాలన్నది మొదటి నియమం. ఎదురుగా ఉన్న వేపచెట్టు నుంచి పచ్చటి వెలుగు తిరిగొస్తుంది కనుక చెట్టుకు దూరంగా ఉన్న మూలను ఎంచుకున్నాం. ఫోటో తీసే మనిషి ముదురు ఎరుపు చీరో పచ్చ చొక్కానో వేసుకుంటే ఆ రంగు కూడా పట్టు మీద పడుతుంది. తెలుపో బూడిదరంగో కట్టుకోమని చెప్పాను. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. లేత గంధం రంగు చీర తీసినప్పుడు తేడా కంటికే తెలుస్తుంది.

ఉత్తరం వైపు ఎండ పడదన్న మాట మన దగ్గర ఏడాది పొడవునా నిజం కాదు. హైదరాబాద్ ప్రాంతంలో మే 9, ఆగస్టు 3 దరిదాపుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు వస్తువుకు నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు. జూన్‌లో ఈ వసారా అంచున ఎండ పడుతుంది. ఆ నెలల కోసం పల్చని తెల్ల మల్లు గుడ్డను తెరగా కట్టే ఏర్పాటు చేశాం. ఎండ దాని మీద పడి మెత్తగా లోపలికి వస్తుంది. తెర గుడ్డ తెల్లగానే ఉండాలి. ఇంట్లో ఉన్న పాత పూలతెర వాడితే వెలుగుకూ ఆ రంగే అంటుకుంటుంది.

చీరను మంచం మీద పరచడం మానేశాం. గోడకు రెండు మూరల దూరంలో వెదురు దండెం వేలాడదీసి, దాని మీద చీరను వేశాం. చీర వెడల్పు 46 నుంచి 48 అంగుళాలు ఉంటుంది, అంతా కనిపించాలంటే దండెం అయిదడుగులైనా ఉండాలి. వెలుగు ఒక పక్క నుంచి వస్తుంది కనుక రెండో పక్క నీడను తగ్గించడానికి తెల్లటి థర్మాకోల్ పలక నిలబెట్టాం. ముందు మడతలు పోయేలా తేలికగా ఇస్త్రీ చేయాలి. మడత గీతలు ఫోటోలో కనిపిస్తే చీర పాతది అనుకుంటారు.

ఫోను చేతిలోంచి నిర్ణయాలను లాగేసుకోవడం

ముందు కెమెరా అద్దాన్ని మెత్తని నూలు గుడ్డతో తుడవడం. నేత ఇంట్లో గంజి, నూలు ధూళి ఫోనుకు అంటుతూనే ఉంటాయి. అద్దం మీద వేలి జిడ్డు ఉంటే జరీ చుట్టూ పొగలా ఒక వెలుగు కమ్ముతుంది, ముదురు రంగులు వెలిసిపోయినట్లు వస్తాయి.

ఆ తరువాత దూరం. ఫోను ప్రధాన కెమెరా వెడల్పుగా చూస్తుంది. పాత ఫిలిం కెమెరాల లెక్కలో చెప్పాలంటే అది 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్సుకు సమానం. చీర మొత్తం పట్టాలని దగ్గర నుంచి తీస్తే అంచులు సాగుతాయి. ముఖం ఎత్తులో ఫోను పట్టుకుని కిందికి వంచితే పైభాగం వెడల్పుగా, కిందిభాగం ఇరుకుగా వస్తుంది. ఇక్కత్‌లో గళ్లు, నలుచదరాలు ఎక్కువ. గీత వంకర పోతే నేత వంకర అనుకుంటారు. అందుకే వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్ పెట్టడం, ఫోనును చీర నడిమి ఎత్తులో, చీరకు సమాంతరంగా నిలపడం అలవాటు చేశాం. 50 మెగాపిక్సెళ్ల సెన్సర్ మామూలుగా నాలుగు చుక్కలను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తుంది కాబట్టి రెండు రెట్ల జూమ్‌కు నష్టం తక్కువ. అంతకు మించితే ఉన్నదాన్ని సాగదీయడమే. తెర మీద గళ్ల గీతలు కనిపించే సదుపాయం పెట్టుకుంటే చీర అంచును ఆ గీతకు ఆనించి చూసుకోవచ్చు. చవక ట్రైపాడ్, ఫోను పట్టే క్లిప్పు కొన్నాం, మీట నొక్కినప్పటి కుదుపు రాకుండా రెండు సెకన్ల టైమరు పెట్టాం. వెడల్పు కెమెరానూ 2 మెగాపిక్సెళ్ల మాక్రోనూ ఈ పనికి పూర్తిగా పక్కన పెట్టించాను. ఒకే ఫోనులో ఒక్కో కెమెరా ఒక్కో రంగు చూపిస్తుంది. నేత దగ్గరగా కావాలంటే ప్రధాన కెమెరాతోనే మూర దూరం నుంచి రెండు రెట్లు పెట్టి తీస్తే మాక్రో కంటే ఎంతో బాగుంటుంది.

ఇక రంగు. కెమెరాలో దృశ్యాన్ని గుర్తుపట్టి రంగు పెంచే ఏఐ మీటను ఆపేశాం. అది ఎర్రచీరను చూసి పువ్వనుకుంటుంది, పచ్చచీరను చూసి చెట్టనుకుంటుంది, రెంటికీ ఇంకాస్త రంగు పూస్తుంది. తరువాత ఫోటోలు తీసే సామాను అమ్మే దుకాణంలో 18 శాతం బూడిదరంగు కార్డు ఒకటి కొన్నాం. తన మీద పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పి పంపే, ఏ రంగు ఛాయా లేని అట్ట అది. ఫోను రంగు సరిచేయడానికి దాన్నే కొలతగా పెట్టుకుంటాం. చాలామంది దీని బదులు తెల్ల కాగితం వాడమంటారు. నేను వద్దంటాను. ఇప్పటి తెల్ల కాగితంలో మెరుపు కోసం కలిపే రసాయనం పగటి వెలుగులోని అతినీలలోహిత కిరణాలను తీసుకుని నీలంగా మెరుస్తుంది. ఆ కాగితాన్ని తెలుపు అని ఫోనుకు చెబితే అది నీలం తగ్గిస్తుంది, చీర పసుపెక్కుతుంది.

ప్రొఫెషనల్ మోడ్‌లో కెల్విన్ విలువను చేత్తో పెట్టుకోవచ్చు. కార్డును చీర ముందు పట్టి, అది తెర మీద ఏ రంగు ఛాయా లేని బూడిదగా కనిపించేదాకా విలువను జరిపి, అక్కడే వదిలేయాలి. ఆ పూట తీసే చీరలన్నిటికీ అదే విలువ. మబ్బు పట్టినా గంట గడిచినా మళ్లీ కార్డు చూడాలి. ప్రతి చీరకూ మొదటి ఫోటో కార్డుతో సహా తీయమన్నాను. తరువాత అనుమానం వస్తే స్నాప్‌సీడ్ అనే ఫోటోలు దిద్దే ఆప్‌లో వైట్ బ్యాలెన్స్ కింద ఉన్న రంగు ఎంచే గుర్తును ఆ కార్డు మీద పెడితే చాలు, కంటితో అంచనా వేసే అవసరం ఉండదు.

వసారాలో పగటిపూట ఐఎస్‌ఓ 100 లోపు, షట్టర్ సెకనులో వందో వంతు కంటే వేగంగా సరిపోయింది. రాత్రి దీపాల కింద తప్పనిసరిగా తీయాల్సి వస్తే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలు, దీపం సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. షట్టరును సెకనులో వందో వంతుకో యాభయ్యో వంతుకో పెడితే ఫోటోలో అడ్డ చారలు రావు.

వెలుగు మోతాదు విషయంలో ఫోను అన్నిటినీ మధ్యస్థ బూడిదకు తేవాలని చూస్తుంది. పాలమీగడ రంగు చీర మాసినట్లు, నల్లచీర వెలిసినట్లు రావడానికి కారణం అదే. లేతవాటికి కాస్త పెంచాలి, ముదురువాటికి కాస్త తగ్గించాలి. మామూలు మోడ్‌లోనే తీసేవాళ్లు చీర మీద వేలు పెట్టి నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుగు మోతాదు రెండూ బిగిసిపోతాయి. అప్పుడు సూర్యుడి గుర్తును పైకో కిందికో జరపాలి. రాణీ రంగుకు మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. మిగతా రంగులు సరిగ్గా ఉన్నట్లు కనిపిస్తున్నా దీనిలో ఎరుపు పాలు ముందే పరిమితికి చేరి ముద్దగా మారుతుంది. అందులోని బుటా, పోగు, నీడ అన్నీ ఒకే గులాబీ పూతలో కలిసిపోతాయి. చీర కాస్త చీకటిగా ఉందనిపించేంత తగ్గించి తీసి, తరువాత నీడలను మాత్రం కొంచెం పైకి తెస్తే పోగు బతుకుతుంది.

జరీ, చిటికి

జరీ అద్దంలాంటిది. తన ఎదురుగా ఏముంటే దాన్ని చూపిస్తుంది. ఫ్లాష్ వేస్తే తెల్లని గీతలా కాలిపోతుంది. ఎదురుగా చీకటి గది ఉంటే నల్లగా వస్తుంది. నీలాకాశం ఉంటే బంగారం వెండిలా పాలిపోతుంది. వసారాలో మొదట వచ్చింది ఈ మూడోదే. వెలుగు వచ్చే వైపు నుంచి చీరకు కాస్త ఏటవాలుగా, ఫోనులో కనిపించనంత దూరంలో మీగడ రంగు నూలు దుప్పటి ఒకటి కట్టాం. జరీకి చూపడానికి ఆకాశం బదులు ఆ దుప్పటి దొరికింది, బంగారం తిరిగొచ్చింది. దుప్పటి చీర ఒంటి మీదికి రంగు వేయకుండా ఎంత దూరం ఉండాలో ఎవరి ఇంట్లో వాళ్లు జరిపి చూసుకోవాల్సిందే. దానికి కొలత చెప్పలేను.

చిటికి అంచు సంగతి ఇంకా సున్నితం. ఇక్కత్‌లో ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారేచోట గీత పదునుగా ఉండదు. పోగు మీద రంగు కాస్త పాకుతుంది, నేసేటప్పుడు పోగు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది. అందుకే బొమ్మ అంచు ఈకలు విప్పినట్లుంటుంది. చేతిపని అనడానికి గుర్తు అదే. ఫోను మాత్రం దాన్ని మసక అనుకుంటుంది. తనంతట తాను పదును పెడుతుంది. నేను మొదట తీసిన మామూలు మోడ్ ఫోటో ఒకటి, పదును తగ్గించి తీసినది ఒకటి పక్కపక్కన పెట్టి ఆ ఇంటి పెద్దాయనకు చూపించాను. “ఏది మీ చీర పెద్దయ్యా?” అని అడిగితే ఆయన మొదటిదాన్ని పక్కకు నెట్టి, “ఇది ప్రింటు చీరమ్మా, మాది కాదు” అన్నారు. జీవితమంతా చిటికి కట్టిన మనిషి తీర్పు అది. నాకు ఇంకో పరీక్ష అవసరం లేకపోయింది.

పదును తగ్గించడానికి దారులు రెండు. ఫోను ప్రొఫెషనల్ మోడ్‌లో రా ఫైలు, అంటే ఫోను తన దిద్దుబాట్లు చేయకముందు ఉన్న ఫోటో, తీసే వీలుంటే అందులో ఈ పదును ఉండదు. రంగు, వెలుగు చేత్తో సర్దుకోవాలి కనుక అన్నిటికీ కాకుండా ఖరీదైన చీరలకు వాడుకోవచ్చు. రెండోది ఓపెన్ కెమెరా అనే ఉచిత ఆప్. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో అది పదును పెట్టడాన్ని, చుక్కలు చెరపడాన్ని ఆపనిస్తుంది. ఆ ఇంట్లో రెండోదాన్ని స్థిరపరిచాం. కోడలు రోజూ నడపగలిగే పద్ధతి అదే కనుక.

సన్నని పట్టులో మరో చిక్కు వస్తుంది. పడుగూ పేకా (నిలువు, అడ్డ పోగుల) గీతల దగ్గరతనం, సెన్సర్ మీది చుక్కల దగ్గరతనం ఒకదానితో ఒకటి పోటీ పడితే, చీరలో లేని అలల చారలు ఇంద్రధనుస్సు రంగుల్లో పుడతాయి. ఫోన్ల కెమెరాలలో వీటిని ఆపే వడపోత సాధారణంగా ఉండదు. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగినా, ఫోనును కాస్త పక్కకు తిప్పినా పోతాయి. ముందు ఫోటోను పూర్తిగా పెద్దది చేసి చూడాలి. పెద్దది చేయగానే చారలు మాయమైతే అవి తెర సృష్టించినవే, ఫోటోలో లేవు.

ఒకే ఫోటోలో పట్టనివి

పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసే నెమలికంఠం వంటి చీరలు కదిలితే రంగు మారుతాయి. ఒక ఫోటో వాటి గురించి ఎప్పుడూ సగమే చెబుతుంది. వీటికి రెండు కోణాల్లో రెండు ఫోటోలు, చీర కొసను చేత్తో మెల్లగా తిప్పుతూ పది సెకన్ల వీడియో పెట్టాలని నిర్ణయించాం. వీడియోకు కూడా రంగు, వెలుగు బిగించే ఉంచాలి, లేకపోతే చీర కదిలినప్పుడు ఫోనే రంగు మార్చేస్తుంది. అప్పుడు ఏది చీర గుణమో ఏది ఫోను చేష్టో చూసేవాళ్లకు తెలియదు.

ఆడపడుచు చీర కట్టుకుని నిలబడితే బాగుంటుందని ఇంట్లో అనుకున్నారు, తీశాం కూడా. పోర్ట్రెయిట్ మోడ్ వద్దన్నాను. కొంగు కుచ్చులను, భుజం మీది జరీ అంచును వెనక గోడతో కలిపి మసక చేసేస్తుంది. ముఖం కనపడగానే ఫోను ముఖం కోసం వెలుగూ రంగూ మార్చుకుంటుంది కనుక ఇక్కడ బూడిద కార్డుతో పెట్టిన విలువలే కాపాడతాయి. కట్టిన ఫోటో చీర పడే తీరు చూపడానికి మాత్రమే. రంగుకు దండెం మీది ఫోటోయే ప్రమాణం అని ప్రతి కొనుగోలుదారుకూ చెబుతున్నారు.

పంపే ఫోటోల వరుస కూడా తేల్చుకున్నాం. దండెం మీద మొత్తం చీర, కొంగు, రెండు అంచులు, ఒంటి బొమ్మ దగ్గరగా, జాకెట్టు ముక్క, ఆ తరువాత చీర తిరగేసి వెనక వైపు. ఈ చివరిది నేను పట్టుబట్టి పెట్టించాను. ఇక్కత్‌లో రంగు పోగులోనే ఉంటుంది కనుక బొమ్మ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఇక్కత్ బొమ్మను అచ్చు వేసి చవకగా అమ్మే చీరల్లో సాధారణంగా వెనక వైపు వెలిసి ఉంటుంది. ఒక మూల మడిచి, ముందూ వెనకా ఒకే ఫ్రేములో చూపించే ఆ ఫోటో ఏ ప్రకటన కంటే గట్టిగా మాట్లాడుతుంది. అసలు పట్టేనని తెలిపే సిల్క్ మార్క్ చీటీ ఉన్న చీరలకు ఆ చీటీ ఫోటో కూడా.

ఫోటో పక్కన రంగు పేరు రాయమన్నాను. ఆ ఇంట్లో వాళ్లు రోజూ వాడే పేర్లే: ఉల్లిపొర రంగు, వంగపండు రంగు, మామిడిచిగురు, చిలకపచ్చ, మెంతి రంగు. కొనేవాళ్ల తెర ఎలా ఉన్నా ఈ పేరు చదవగానే మనసులో సరైన రంగు మెదులుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో బాగా కుదించుకుపోతుంది. 2023 నుంచి హెచ్‌డీ ఎంపిక ఉంది, దాన్ని వాడుతున్నారు. పెద్ద కొనుగోలుకు డాక్యుమెంట్‌గా పంపితే ఫోటో ఉన్నదున్నట్లు చేరుతుంది. పంపే ముందు అదే ఫోటోను ఇంట్లోని ఇంకో ఫోనులో కూడా తెరిచి, చీరను పక్కన పట్టి చూడటం నియమం చేశాం. రెండు తెరల మీదా చీరకు దగ్గరగా ఉంటేనే బయటికి వెళ్తుంది.

ఇప్పుడు

ఈ మార్పులన్నిటికీ అయిన ఖర్చు ట్రైపాడ్, బూడిద కార్డు, థర్మాకోల్, మల్లు గుడ్డలది. కొందామనుకున్న కొత్త ఫోను ధరలో అది చిన్న పాలు. రంగు తేడా అని తిరిగొచ్చే చీరలు బాగా తగ్గాయి. అప్పుడప్పుడూ వచ్చేవాటిలో ఎక్కువ భాగం ముసురు రోజుల్లో తీసినవే. ఆ రోజుల కోసం సీఆర్‌ఐ (దీపం వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 పైన ఉన్న ఎల్‌ఈడీ దీపాలు రెండు తీసుకోమని చెప్పాను. దీపం డబ్బా మీద ఆ అంకె రాసి లేకపోతే కొనవద్దని కూడా చెప్పాను. తేలియా రుమాలు తరహాలో ఎరుపు, నలుపు, తెలుపు కలిసిన చీరలకు బూడిద కార్డును చూసి బిగించిన వెలుగు మోతాదే బాగా కుదురుతోంది. ఫోనుకు వదిలేస్తే నలుపును తేల్చి తెలుపును అణిచి మొత్తాన్ని చప్పగా చేస్తుంది.

వంగపండు రంగు, ముదురు ఊదా మాత్రం లొంగలేదు. కొన్ని ఊదా అద్దకాలను కన్ను ఒకలా, సెన్సర్ మరొకలా చూస్తాయి. కార్డు సరిగ్గా బూడిదగా ఉన్నా చీర నీలం వైపు జరుగుతుంది. స్నాప్‌సీడ్‌లో చేత్తో సర్దితే చీర దగ్గరికి వస్తుంది గానీ పక్కనున్న జరీ ఎరుపెక్కుతుంది. ఆపైన, బాగా గాఢమైన కొన్ని రంగులు చాలా తెరలు పాటించే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధిలోనే పట్టవు. ఇది ఫోటోతో తేలే విషయం కాదని ఆ కుటుంబానికి స్పష్టంగా చెప్పాను.

దానికి మార్గం పెద్దయ్యే చెప్పారు. చీర కోసి దించాక పడుగు చివర కొన్ని పోగులు మిగులుతాయి. ఊదా చీరలకు, పెళ్లిళ్లకు ఎక్కువ చీరలు ఒకేసారి అడిగేవాళ్లకు ఆ పోగులనే చిన్న అట్టముక్కకు చుట్టి, చీర సంఖ్య రాసి, కవరులో పెట్టి ముందుగా పోస్టు చేస్తున్నారు. కోడలు ఆ అట్టముక్కను కూడా బూడిద కార్డు పక్కన పెట్టి ఒక ఫోటో తీసి దాచుకుంటోంది. ఏ అద్దకం ఫోనులో ఎంత జరుగుతోందో ఆ ఫోటోల వల్ల తెలుస్తోంది. నేను మళ్లీ వెళ్లినప్పుడు వాటిని వరుసగా పేర్చి, ఒక్కో ఊదాకు ఎంత దిద్దుబాటు కావాలో పట్టిక తయారు చేయాలని ఇద్దరం అనుకున్నాం.